కేస్ స్టడీ: కోల్టన్ హెర్టా ఇండీకార్ నుంచి ఎఫ్2కి మారడం వెనుక లెక్క

అమెరికా రేసింగ్ సీరీస్ ఇండీకార్‌లో తొమ్మిది విజయాలున్న 25 ఏళ్ల డ్రైవరు, తనకంటే నాలుగైదేళ్లు చిన్నవాళ్లతో, ఫార్ములా 1 (ఎఫ్1)కి ఒక మెట్టు కింద ఉండే ఫార్ములా 2 (ఎఫ్2) గ్రిడ్‌లో నిలబడాలని నిర్ణయించుకోవడం బయటివాళ్లకు వెనకడుగులాగే కనిపిస్తుంది. 2025 సెప్టెంబరులో కాడిలాక్ ఎఫ్1 టీమ్ కోల్టన్ హెర్టాను టెస్ట్ డ్రైవరుగా ప్రకటించింది. ఆ తర్వాత 2026 సీజన్‌కు ఎఫ్2లో హైటెక్ టీమ్ సీటు ఖాయమైంది. ఎక్కడ చూసినా చెప్పిన కారణం ఒకటే: సూపర్ లైసెన్స్ పాయింట్లు చాలలేదు. కాగితం మీద లెక్క వేస్తే ఆ కారణం సగమే నిజమని తేలుతుంది. మిగతా సగం టైర్లలో, స్టార్టుల్లో, శుక్రవారం ప్రాక్టీసులో ఉంది. ఈ విశ్లేషణ 2026 సీజన్ మొదలుకాక ముందు, నిర్ణయం తీసుకున్న నాటి లెక్కల మీద ఆధారపడింది.

పాయింట్ల ఖాతా

ఎఫ్1లో రేసు నడపాలంటే ప్రపంచ మోటార్ రేసింగ్ పాలక సంస్థ ఎఫ్ఐఏ ఇచ్చే సూపర్ లైసెన్స్ కావాలి. మూడు సీజన్లలో కలిపి 40 పాయింట్లు, ఎఫ్1 కారులో 300 కిలోమీటర్లు, నిబంధనల మీద పరీక్ష, సాధారణంగా 18 ఏళ్ల వయసు దాని ప్రధాన షరతులు. 2015లో మాక్స్ వెర్‌స్టాపెన్ 17 ఏళ్లకే, ఒకే ఒక్క ఎఫ్3 సీజన్ తర్వాత ఎఫ్1లోకి వచ్చాక ఈ పద్ధతి బిగిసింది.

ఎఫ్2లో మొదటి మూడు స్థానాలకూ 40 పాయింట్లు ఇస్తారు. 4వ స్థానానికి 30, 5కి 20, 6కి 10, 7కి 8, 8కి 6, 9కి 4, 10కి 3. ఇండీకార్‌లో 2025 వరకు ఉన్న వరుస 40, 30, 20, 10, 8, 6, 4, 3, 2, 1. రెండింటినీ పక్కపక్కన పెడితే వివక్ష కళ్లకు కడుతుంది. ఎఫ్2లో మూడోవాడికి నేరుగా లైసెన్స్ దొరుకుతుంది, ఇండీకార్‌లో మూడోవాడికి అందులో సగమే. మా దృష్టిలో ఇది అన్యాయమే. ఎఫ్ఐఏ కూడా 2026 నుంచి ఇండీకార్‌లో మూడో స్థానం నుంచి తొమ్మిదో స్థానం దాకా ఉన్నవాళ్లకు వాటా కొంత పెంచింది.

హెర్టా ఖాతాను ఏడాదివారీగా చూద్దాం. 2019లో 7వ స్థానానికి 4. 2020లో 3వ స్థానానికి 20. 2021లో 5వ స్థానానికి 8. 2022లోనూ 2023లోనూ 10వ స్థానం, ఏడాదికి 1 చొప్పున. 2024లో రెండో స్థానానికి 30. 2025లో మళ్లీ 7వ స్థానం, 4.

2022లో రెడ్ బుల్ యాజమాన్యం అతన్ని తమ రెండో ఎఫ్1 టీమ్ ఆల్ఫాటౌరీలో కూర్చోబెట్టాలనుకుంది. కోవిడ్ సడలింపు వల్ల నాలుగు సీజన్లలో మెరుగైన మూడింటిని లెక్కలోకి తీసుకునే వీలుంది. అలా చూసినా 4, 20, 8 కలిపి 32 అయ్యాయి, ఎనిమిది తక్కువ. ఎఫ్ఐఏ మినహాయింపు ఇవ్వలేదు, సీటు నిక్ డి వ్రీస్‌కు వెళ్లింది.

2025 చివరికి ఖాతాలో 1, 30, 4 కలిపి 35. ఇక్కడే చాలామంది పొరపడతారు. 2027 లైసెన్సుకు 2023 నాటి ఆ ఒక్క పాయింటు జారిపోతుంది. అంటే చేతిలో నిజంగా మిగిలేది 34, కావలసింది 6. ఎఫ్2లో 8వ స్థానం వస్తే సరిగ్గా ఆరు. మరి ఇండీకార్‌లోనే ఉండిపోతే? పాత పట్టిక ప్రకారం 6వ స్థానానికి కూడా సరిగ్గా ఆరే. పెంచిన పట్టికతో పని ఇంకా తేలిక.

ఏడు ఇండీకార్ సీజన్లలో హెర్టా ఆరో స్థానంలో గానీ అంతకంటే పైన గానీ ముగించింది మూడుసార్లు. కాబట్టి ఇండీకార్ దారిలోనూ పూచీ లేదు. తెలియని కారు, కొత్త సర్క్యూట్లు, క్వాలిఫయింగ్ ఫలితాన్ని తిరగేసిన గ్రిడ్‌లతో ఎఫ్2లో 8వ స్థానానికీ పూచీ లేదు. పాయింట్ల వరకు రెండు దారుల్లోనూ ప్రమాదం దాదాపు ఒకటే. ఒక సీరీస్ వదులుకునేంత తేడా అక్కడ లేదు.

ఇంకో సంగతీ గుర్తుంచుకోవాలి. అలెక్స్ పలో 2023, 2024, 2025 మూడేళ్లూ ఇండీకార్ టైటిల్ గెలిచాడు. పట్టిక ప్రకారం అది 120 పాయింట్లు, కావలసినదానికి మూడింతలు. అయినా ఎఫ్1 సీటు రాలేదు. లైసెన్స్ తలుపు దాకా తీసుకెళ్తుంది, తలుపు తీసేది టీమ్. టీమ్ అడిగే ప్రశ్న ఏమిటంటే, మా టైర్ల మీద, మా వారాంతంలో ఇతను మొదటి ఏడాదే పనికొస్తాడా?

టైర్లు

ఇండీకార్‌లో ఫైర్‌స్టోన్, ఎఫ్2లోనూ ఎఫ్1లోనూ పిరెల్లి. ఈ మార్పిడిలో డ్రైవరు మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవలసింది ఎక్కువగా ఇక్కడే.

టైరుకు రెండు ఉష్ణోగ్రతలు ఉంటాయి: పైపొర వేడి, లోపలి రబ్బరు వేడి. పైపొర క్షణాల్లో వేడెక్కుతుంది, లోపల నెమ్మదిగా. మూల తిరిగేటప్పుడు కారు కొద్దిగా జారినా పైపొరలో వేడి ఒక్కసారిగా పెరుగుతుంది. పిరెల్లిలో ఆ వేడి హద్దు దాటితే పట్టు తగ్గుతుంది, పట్టు తగ్గితే ఇంకాస్త జారుతుంది, జారితే మరింత వేడి. ఆ చక్రంలో పడితే తర్వాతి మూలలో మెల్లగా పోయినా వెంటనే కోలుకోదు. క్వాలిఫయింగ్ ల్యాపులో ఇది స్పష్టంగా కనిపిస్తుంది. ల్యాపును విడగొట్టిన మూడు భాగాల్లో మొదటి సెక్టారులో రెండు పదుల మిల్లీసెకన్లు మిగుల్చుకున్న డ్రైవరు మూడో సెక్టారులో వెనుక టైర్లు కరిగి, దానికి పదింతలు పోగొట్టుకుంటాడు.

పైపొర చల్లగా ఉండగానే గట్టిగా తోస్తే మరో రకం నష్టం. బిరుసుగా ఉన్న రబ్బరు చిరిగి, చిన్న చిన్న ఉండలుగా టైరు మీదే పేరుకుంటుంది. దీన్నే గ్రెయినింగ్ అంటారు. ముందు టైర్లలో గ్రెయినింగ్ వస్తే కారు మూల తిరగనంటుంది, డ్రైవరు స్టీరింగ్ ఇంకా తిప్పుతాడు, అది మరింత పెరుగుతుంది.

హెర్టా శైలి ఈ చోటే పరీక్షకు నిలుస్తుంది. వెనుక భాగం కదులుతున్న కారును చేతులతో సరిచేసుకుంటూ వేగం పిండుకోవడం అతని బలం. 2022 మేలో ఇండియానాపోలిస్ రోడ్ కోర్సులో, తడి ట్రాక్ మీద దాదాపు పూర్తిగా అడ్డం తిరిగిన కారును ఆగకుండా నిలబెట్టి ఆ రేసే గెలిచాడు. ఆ నైపుణ్యం వానలో బంగారం. ఎండలో, పిరెల్లి మీద, ఇరవై ల్యాపుల స్టింట్ (ఒకే సెట్ టైర్ల మీద సాగే పరుగు)లో అదే అలవాటు ప్రతి మూలలో కొంచెం కొంచెం టైరును తినేస్తుంది. దిద్దుబాటు స్టీరింగ్‌లో మొదలుకాకూడదు. మూలలోకి ప్రవేశించే వేగం ఒకటి రెండు కిలోమీటర్లు తగ్గించి, బ్రేకును ఇంకాస్త మెల్లగా వదిలి, జారుడు పుట్టకుండానే చూడాలి. డేటాలో దీన్ని పట్టుకోవడం సులభం. స్టీరింగ్ కోణం గీతలో మూల మధ్యన వెనక్కి దిద్దిన గాట్లు ఎన్ని ఉన్నాయో స్టింట్ మొదటి ఐదు ల్యాపుల్లో ఒకసారి, చివరి ఐదు ల్యాపుల్లో ఒకసారి లెక్కపెట్టి పోల్చాలి. చివర్లో గాట్లు పెరిగితే మొదట్లోనే టైరు ఖర్చయిందని అర్థం.

టైర్లను ముందే వేడిచేసే దుప్పట్లు, అంటే టైర్ వార్మర్ల విషయంలో తమాషా ఉంది. ఇండీకార్‌లో వార్మర్లు లేవు, ఎఫ్2లోనూ లేవు. చల్లటి టైర్లతో పిట్ నుంచి బయటికి రావడం హెర్టాకు రోజువారీ పని, కాబట్టి ఎఫ్2లో ఫీచర్ రేసు (వారాంతంలోని పొడవైన రేసు) పిట్ స్టాప్ తర్వాతి ల్యాపులో అతను కొంత లాభపడాలి. ఎఫ్1లో మాత్రం టైర్లు 70 డిగ్రీల వార్మర్ల నుంచి వస్తాయి. ఎఫ్2లో లాభమిచ్చిన ఆ నేర్పు అక్కడ పెద్దగా పనికిరాదు.

30 నిమిషాలు, రెండు సెట్లు

ఎఫ్2 వారాంతంలో సాధనకు దొరికేది 45 నిమిషాల ప్రాక్టీసు, ఆ తర్వాత అదే రోజు 30 నిమిషాల క్వాలిఫయింగ్. మొత్తం వారాంతానికి ఐదు సెట్ల స్లిక్ (పొడి ట్రాక్ మీద వాడే నున్నటి) టైర్లు: మూడు గట్టివి, రెండు మెత్తవి. మెత్తటి టైరు అసలు పట్టు ఎలా ఉంటుందో చాలామందికి తెలిసేది క్వాలిఫయింగ్‌లోనే. పేరుకు 30 నిమిషాలు, నిజానికి ఉన్నవి రెండు ప్రయత్నాలు. ఎర్ర జెండా వచ్చిందంటే ఒకటే.

ఇండీకార్ డ్రైవరుకు ఈ ఒత్తిడి కొత్తేమీ కాదు. అక్కడి రోడ్, స్ట్రీట్ కోర్సుల్లో మొదటి దశ పది నిమిషాలే. తేడా ల్యాపుకు ముందు చేసే తయారీలో ఉంది. పిరెల్లి మెత్తటి టైరును ఒకటి రెండు సన్నాహక ల్యాపుల్లో సరైన వేడికి తెచ్చి, ముందు టైర్లూ వెనుక టైర్లూ ఒకేసారి సిద్ధమయ్యేలా చేయాలి. ముందువి సిద్ధమయ్యేలోపే వెనుకవి వేడెక్కిపోవడం సాధారణంగా జరిగే తప్పు. స్ట్రెయిట్‌లలో బ్రేకును లాగి ముందు చక్రాలకు వేడి పట్టించడం, మూలల నుంచి బయటికి వచ్చేటప్పుడు యాక్సిలరేటరును మెత్తగా వాడి వెనుక చక్రాలను కాపాడటం దీనికి విరుగుడు. ట్రాక్ వేడి, తారు గరుకుదనం బట్టి ఈ వంటకం ప్రతి సర్క్యూట్‌కూ మారుతుంది. సిమ్యులేటర్ దారి నేర్పుతుంది, బ్రేకింగ్ గుర్తులు నేర్పుతుంది. టైరు వేడి విషయంలో దాన్ని అతిగా నమ్మితే దెబ్బతింటారు.

స్టార్టులు

బయటివాళ్లు పట్టించుకోనిది ఇదే. ఇండీకార్‌లో కార్లు కదులుతూ వచ్చి పచ్చ జెండా అందుకుంటాయి. ఎఫ్2, ఎఫ్1 రెండింట్లోనూ గ్రిడ్‌లో ఆగి, ఐదు ఎర్ర లైట్లు ఆరాక కదలాలి. చేతి క్లచ్ హెర్టాకు తెలుసు, పిట్ స్టాప్ నుంచి బయలుదేరడానికి వాడేది అదే. కానీ అక్కడ పక్కన కార్లు ఉండవు, కింద ఉన్న తారు కూడా వేరు.

ఎఫ్2 స్టార్టులో తప్పులు మూడు చోట్ల పుడతాయి. క్లచ్ పట్టుకునే బిందువు వేడితో జరుగుతుంది. ఫార్మేషన్ ల్యాపులో వెనుక టైర్లు కాల్చేటప్పుడు క్లచ్‌ను ఎక్కువగా వేడెక్కిస్తే, ప్రాక్టీసులో గుర్తుపెట్టుకున్న చోటు పనిచేయదు. ఇంజిన్ వేగం తక్కువగా పెట్టి క్లచ్ త్వరగా వదిలితే టర్బో అందుకోక కారు ముక్కుతుంది, ఇంజిన్ ఆగిపోకుండా చూసే యాంటీ స్టాల్ పడుతుంది. ఎక్కువగా పెడితే చక్రాలు తిరిగి అక్కడే నిలబడుతుంది. 2018లో కొత్త ఎఫ్2 కారు వచ్చినప్పుడు గ్రిడ్‌లో కార్లు ఆగిపోవడం ఎంత పెద్ద సమస్య అయిందంటే, రెడ్ బుల్ రింగ్, సిల్వర్‌స్టోన్ రౌండ్లలో రోలింగ్ స్టార్టులే పెట్టారు.

ఒక్కో రౌండుకు రెండు రేసులు, కాబట్టి ఎఫ్1 మొదటి రేసుకు ముందే పాతికకు పైగా నిలబడి చేసే స్టార్టులు చేతికి వస్తాయి. ఇండీకార్‌లో ఎన్నేళ్లు ఉన్నా ఈ సాధన దొరకదు. మా లెక్కలో ఎఫ్2 సీటుకున్న విలువలో ఇది చెప్పుకోదగ్గ వాటా.

ఎఫ్2 నేర్పనివి

ఎఫ్2 కారులో మెకాక్రోమ్ 3.4 లీటర్ల టర్బో వీ6 ఉంటుంది, సుమారు 620 హార్స్‌పవర్. హైబ్రిడ్ లేదు. 2026 ఎఫ్1 కార్లలో శక్తిలో దాదాపు సగం విద్యుత్తుదే, మోటారు ఒక్కటే 350 కిలోవాట్లు. వెనుక బ్రేకును కంప్యూటరు పంచుతుంది, బ్రేకు పెడల్ తొక్కిన ప్రతిసారీ బ్యాటరీ నిండుతుంది. ఈ విద్య ఎఫ్2లో లేదు. విచిత్రం ఏమిటంటే, 2024 జులై నుంచి ఇండీకార్‌లో సూపర్ కెపాసిటర్ హైబ్రిడ్ ఉంది, శక్తిని ఎప్పుడు దాచాలి, ఎప్పుడు వాడాలి అన్నది హెర్టా నడుపుతూనే నిర్ణయించుకున్నాడు. పరిమాణంలో ఎఫ్1తో పోలిక లేదు కానీ ఆలోచించే పద్ధతి అదే. ఆ భాగంలో అతను ఎఫ్2 తోటివాళ్ల కంటే ముందున్నాడు.

ఇంధనం పొదుపు చేస్తూ స్థానం కాపాడుకోవడం కూడా ఇండీకార్ నేర్పినదే. స్ట్రెయిట్ చివర ముందుగానే యాక్సిలరేటరు వదిలి తేలిపోవడం 2026 ఎఫ్1లో బ్యాటరీ నింపడానికి పనికొస్తుంది. మానుకోవలసిన అలవాటు ఒకటుంది: ఓవల్స్‌లో పైనుంచి చూసి చెవిలో చెప్పే స్పాటర్. ఎఫ్2లో అద్దాలే దిక్కు.

శుక్రవారం: ఒక్కో పాయింటుకు 100 కిలోమీటర్లు

ఎఫ్1 మొదటి ప్రాక్టీసులో పెనాల్టీ లేకుండా కనీసం 100 కిలోమీటర్లు నడిపితే ఒక సూపర్ లైసెన్స్ పాయింటు వస్తుంది. 2025 నుంచి ప్రతి టీమూ ఏడాదికి నాలుగు ప్రాక్టీసు సెషన్లు కొత్తవాళ్లకు ఇవ్వాలి, కారుకు రెండేసి. రెండు గ్రాండ్ ప్రిలకు మించి నడపనివాళ్లంతా ఈ లెక్కలో కొత్తవాళ్లే, కాబట్టి హెర్టా అర్హుడు.

దీన్ని ల్యాపుల్లోకి మార్చుకుంటేనే ప్రణాళిక కుదురుతుంది. మాంజాలో 5.793 కిలోమీటర్ల ల్యాపు, 18 ల్యాపులు కావాలి. ఆస్టిన్‌లో 5.513, అంటే 19. మెక్సికో సిటీలో 4.304, అంటే 24. 60 నిమిషాల సెషన్‌లో ఇది వీలయ్యే పనే, కానీ మిగిలేది తక్కువ. ఎర్ర జెండా పది నిమిషాలు తిన్నా, ఏరో కొలతల పరికరాలు తగిలించి మొదటి పరుగును నిదానంగా నడిపించినా 24 ల్యాపుల చోట్ల ప్రమాదమే. అందుకే పాయింటు కూడా కావాలనుకుంటే పొడవైన సర్క్యూట్‌ను ఎంచుకోవాలి, ఎక్కువ ల్యాపుల పరుగును సెషన్ మొదటి సగంలోనే పెట్టాలి. 2024లో మాంజాలో కిమీ ఆంటొనెల్లి తన మొదటి ప్రాక్టీసులో ఐదారు ల్యాపులకే పారబోలికాలో గోడకు కొట్టాడు. పాయింటు సంగతి అటుంచి, కారు గ్యారేజీకి వెళ్లిపోయింది.

అలాంటి మూడు సెషన్లు శుభ్రంగా పూర్తయితే 34 కాస్తా 37 అవుతుంది. అప్పుడు ఎఫ్2లో 10వ స్థానం చాలు. ఎఫ్2 మార్గానికి నిజమైన బీమా ఇదే. ఇండీకార్ సీజన్ నడుపుతూ ఈ శుక్రవారాలు పట్టుకోవడం కష్టం, క్యాలెండర్లు ఒకదానిమీద ఒకటి పడతాయి. ఎఫ్2 మాత్రం ఎఫ్1 వెంటే, అదే ప్యాడాక్‌లో తిరుగుతుంది. సాయంత్రం ఎఫ్1 ఇంజినీర్ల సమావేశంలో కూర్చోవచ్చు.

ఒక చిక్కు ఉంది. ఒకే శుక్రవారం ఎఫ్2 ప్రాక్టీసు, ఎఫ్1 ప్రాక్టీసు, ఎఫ్2 క్వాలిఫయింగ్ పడితే బ్రేకింగ్ గుర్తులు కలగాపులగం అవుతాయి. ఎఫ్1 కారు నిలబడే చోట ఎఫ్2 కారు నిలబడదు, క్వాలిఫయింగ్‌లో మొదటి గట్టి బ్రేకులోనే చక్రం లాక్ అయి ఒక సెట్ చదునుబారవచ్చు. కుదిరితే ఎఫ్2 లేని వారాంతాల్లోనే ఎఫ్1 సెషన్లు పెట్టుకోవడం మేలు. ఆస్టిన్, మెక్సికో ఆ కోవలోకి వస్తాయి. ఆస్టిన్‌లో హెర్టా 2019లో, 18 ఏళ్లకే, తన మొదటి ఇండీకార్ రేసు గెలిచాడు, కాబట్టి ట్రాక్ నేర్చుకోవడానికి సమయం పోదు.

పాత కార్లతో టెస్టింగ్ కాడిలాక్‌కు పెద్ద లోటు. ఇతర టీమ్‌లు రెండేళ్లు దాటిన తమ సొంత కార్లను బయటికి తీసి కొత్తవాళ్లకు రోజులకు రోజులు ఇస్తాయి. కొత్త టీమ్‌కు సొంత పాత కారే ఉండదు. 2025 చివర్లో ఇమోలాలో సెర్జియో పెరెజ్‌ను నడిపించడానికి వాళ్లు 2023 నాటి ఫెరారీ కారు తెచ్చుకోవలసి వచ్చింది. ఎఫ్1 కారులో కిలోమీటర్లు అంత సులువుగా దొరకనప్పుడు పిరెల్లి మీద రేసు కిలోమీటర్లు మరింత ముఖ్యం అవుతాయి.

ముందు వెళ్లినవాళ్లు

జాక్ విల్‌నవ్ 1995లో ఇండీ 500 రేసు, అప్పటి అమెరికా సీరీస్ కార్ట్ (CART) టైటిల్ గెలిచి, 1996లో విలియమ్స్‌లో మొదటి రేసుకే పోల్ (గ్రిడ్‌లో మొదటి స్థానం) కొట్టాడు, 1997లో ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. రేసు నాటికి అతను విలియమ్స్‌తో శీతాకాలమంతా టెస్టింగ్ చేసి ఉన్నాడు. ఉవాన్ పాబ్లో మోంటోయా కార్ట్‌కు వెళ్లకముందే విలియమ్స్ టెస్ట్ డ్రైవరు. అలెక్స్ జనార్డి 1997, 1998 కార్ట్ టైటిళ్లతో వచ్చి 1999లో గాడులు కోసిన టైర్ల మీద ఒక్క పాయింటూ సాధించలేకపోయాడు. మైకేల్ ఆండ్రెటీ 1993లో మెక్‌లారెన్‌లోకి వచ్చిన ఏడాదే ప్రాక్టీసు ల్యాపులకు పరిమితి పెట్టారు. మాంజాలో మూడో స్థానం సాధించాక సీజన్ ముగియకుండానే వెనుదిరిగాడు. నలుగురూ వేగమున్నవాళ్లే. విల్‌నవ్‌కు దొరికినంత టెస్టింగ్ ఇప్పుడు ఏ టీమూ ఇవ్వలేదు, నిబంధనలే ఒప్పుకోవు.

జపాన్ సూపర్ ఫార్ములా మరో దారి. లియామ్ లాసన్ 2023లో అక్కడ మొదటి రేసే గెలిచి, సీజన్ రెండో స్థానంలో ముగించాడు. మధ్యలో ఆల్ఫాటౌరీలో ఐదు రేసులు నడిపి సింగపూర్‌లో 9వ స్థానం తెచ్చుకున్నాడు. ఆ కారు వేగవంతమైన మూలల్లో ఎఫ్1కు బాగా దగ్గర. అయితే టైర్లు యోకోహామా, సర్క్యూట్లు జపాన్‌వి. లాసన్‌కు అది సరిపోవడానికి కారణం అతను అప్పటికే రెండేళ్లు ఎఫ్2లో పిరెల్లి మీద నడిపి ఉండటం. హెర్టాకు ఆ పునాది లేదు. 2016 యూరోఫార్ములా ఓపెన్ తర్వాత అతని కెరీర్ అంతా అమెరికాలోనే.

డి వ్రీస్ ఉదంతం మరో హెచ్చరిక. 2022లో మాంజాలో చివరి నిమిషంలో విలియమ్స్ కారెక్కి 9వ స్థానం సాధించాడు. ఆ ఒక్క రేసు చూసి ఆల్ఫాటౌరీ తీసుకుంది, 2023లో పది రేసుల తర్వాత పక్కన పెట్టింది. మాంజాలో పొడవైన స్ట్రెయిట్‌లు ఎక్కువ, టైర్ల మీద పక్కబలం తక్కువ. కొత్తవాడి టైర్ల నేర్పును కొలవడానికి దానికంటే బలహీనమైన పరీక్ష దొరకదు. బార్సిలోనాలో ఒక ఫీచర్ రేసు అంతకంటే చాలా ఎక్కువ చెబుతుంది.

ఏం చూడాలి

ఎఫ్2 పట్టికలో స్థానం లైసెన్సుకు లెక్క, డ్రైవరు నేర్చుకున్నాడా లేదా అన్నదానికి అది సరైన కొలమానం కాదు. స్ప్రింట్ (చిన్న రేసు)లో మొదటి పది స్థానాలు తిరగేస్తారు, అందువల్ల క్వాలిఫయింగ్‌లో పదోవాడు పోల్ నుంచి బయలుదేరతాడు. సేఫ్టీ కారు వచ్చిన సమయాన్ని బట్టి ఫీచర్ రేసు తలకిందులవుతుంది. ఆ గోలను పక్కన పెట్టి మూడు గీతలు గీయాలి.

మొదటిది, క్వాలిఫయింగ్‌లో రెండో మెత్తటి సెట్‌తో సహచరుడికీ హెర్టాకూ ఉన్న తేడా, ముఖ్యంగా మూడో సెక్టారులో. రెండోది, ఫీచర్ రేసులో గట్టి టైరు స్టింట్ చివరి మూడోవంతు, ల్యాపుకు ఎంత వేగం పడిపోతోందో సహచరుడితో పోల్చి. మూడోది, గ్రిడ్ స్థానానికీ మొదటి మూల తర్వాతి స్థానానికీ తేడా, రౌండువారీగా. మొదటి మూడు నాలుగు రౌండ్ల సంఖ్యలను తీర్పుకు వాడొద్దు, అవి ఆరంభ రేఖ మాత్రమే. మెల్‌బోర్న్ లాంటి చోట అతను ఎప్పుడూ నడపలేదు, తోటివాళ్లలో కొందరికి అది రెండో మూడో ఏడాది. యూరప్ రౌండ్లు మధ్యకు వచ్చేసరికి రెండో గీత సహచరుడి గీతకు దగ్గర పడితే, పట్టికలో తొమ్మిదో స్థానంలో ఉన్నా ఎఫ్2కి మారిన ఉద్దేశం నెరవేరుతున్నట్టే. గెలుపు ఒకటి రెండు వచ్చి, ఆ గీత మాత్రం దగ్గర పడకపోతే, కాడిలాక్ ఇంజినీర్లు శుక్రవారం సెషన్లలో ఎక్కువ ఇంధనంతో సుదీర్ఘ పరుగులు పెంచి, తక్కువ ఇంధనంతో ల్యాపు సమయం వెతకడం తగ్గించాలి.